చెంచాడు తోడు వ్యాజ్యం

వెన్న పెరుగు దొంగ వేణుగోపాలకా!
ఒప్పుపత్ర మడుగ కుట్టి దించి
గోపశిశుల కెల్ల గోరి పంచితివయ్య
కథకు దోడు నిలువు కమలనయన!

అని, రేపల్లెవాడలో ఏ సంతకమూ లేకుండా పంపిణీ వ్యవహారం నడిపిన ఆ స్వామికి మ్రొక్కి, సంతకాలున్నచోట జరిగిన ఒక కథ చెప్పుకుందాము.

వేలంగిపేట అనే పట్టణాన్ని ఒక కాలువ రెండుగా చీల్చి పారుతుంది. పడమటి గట్టువారు తూర్పు గట్టువారిని ‘అవతలోళ్లు’ అంటారు. తూర్పు గట్టువారు సైతం పడమటి గట్టువారిని అదే మాట అంటారు గనుక ఆ విషయంలో ఏనాడూ పేచీ రాలేదు. నడుమ ఒక వంతెన ఉన్నది. కామదుఘ పాల కంపెనీవారు ఆ కాలువను చూచి ముచ్చటపడి, విధాత దానిని తమ వ్యాపార సౌలభ్యం కోసమే త్రవ్వించాడని నిశ్చయించుకొని, పడమటి గట్టుకు మేడిశెట్టి పేర్రాజును, తూర్పు గట్టుకు పసుపులేటి గంగాధరాన్ని పెరుగు డిస్ట్రిబ్యూటర్లుగా నియమించారు.

ఆ పేటలో పేర్రాజులు చాలామంది ఉన్నారు. పెరుగు పేర్రాజు మాత్రం ఒక్కడే. ఇరవై ఏళ్లుగా తెల్లవారకముందే ఆటో నిండా పెరుగు ప్యాకెట్లు వేసుకొని పడమటి గట్టు అంగళ్లన్నీ తిరుగుతాడు. పెళ్లి ముహూర్తం పెట్టుకున్నవారు పురోహితుని గడప దిగి నేరుగా అతని గడప ఎక్కుతారు. అతనికి వేరే విద్య రాదు. వేరే పేరూ లేదు. ఆ డిస్ట్రిబ్యూషను పోతే తాను ఉత్త పేర్రాజునై పదిమంది పేర్రాజులలో కలిసిపోతానని అతని భయం.

అతడు సంతకం చేసిన ఒప్పందంలో పదిహేడవ నిబంధన ఇట్లున్నది: ‘సదరు భూభాగమందు కంపెనీ పెరుగును, ఆ పెరుగునుండి ప్రత్యక్షముగా గాని పరోక్షముగా గాని ఉద్భవించు సమస్త పదార్థములను సరఫరా చేయు హక్కు సదరు డిస్ట్రిబ్యూటరుకు మాత్రమే చెందును. ఒకరి భూభాగమునుండి మరొకరి భూభాగములోనికి సదరు పదార్థములు ప్రవేశించినచో, ప్రవేశపెట్టినవారి హక్కు రద్దగును.’ ఇది రచించినది కంపెనీ న్యాయ విభాగాధిపతి చక్రపాణిగారు. లస్సీని, మజ్జిగ ప్యాకెట్లను మనసులో ఉంచుకొని వ్రాశారు. ఆయన మహానగర వాసి. ఆయన ఎరిగినంతవరకు పెరుగు అనేది ఫ్రిజ్జులో పుట్టి ఫ్రిజ్జులోనే పెరిగే వస్తువు.

వేలంగిపేటలో అట్లా కాదు. అక్కడ పెరుగు కొనడం వేరు, తోడు అడగడం వేరు. ప్యాకెట్టు ఎప్పుడో ఒకసారి కొంటారు. అందులో ఒక చెంచా గోరువెచ్చని పాలలో వేస్తారు. మర్నాటి పెరుగులో ఒక చెంచా ఎల్లుండికి తోడవుతుంది. ఎప్పుడైనా తోడు అడుగంటితే పొరుగింటి గుమ్మంలో గిన్నె పట్టుకొని నిలబడతారు. అది అప్పు కాదు, దానం కాదు, అమ్మకం అంతకన్నా కాదు. ఇచ్చినవారు మరచిపోతారు, పుచ్చుకున్నవారు మరుసటి వారం వారికే ఇస్తారు.

పేర్రాజు భార్య అచ్చియ్యమ్మకు మంగాయమ్మ అనే చెల్లెలు ఉన్నది. కాపురం తూర్పు గట్టున. ఆమె కాశీయాత్ర ముగించుకొని, తాళం తీసి ఇల్లు కడుక్కొని చూసేసరికి ఇంట్లో తోడు లేదు. అక్కగారు ఒక చెంచా పెరుగు చిన్న గిన్నెలో వేసి, పైన మూత పెట్టి, వంతెన మీదుగా పంపింది. ఆ తోడు చేయి మంచిదో, మంగాయమ్మ పాలు చిక్కనివో, మర్నాటికి గిన్నె బోర్లించినా జారని గడ్డపెరుగు దిగింది. పక్కింటివారు చూశారు, అడిగారు. వారి పక్కవారు వారిని అడిగారు. ఉగాది వచ్చేసరికి తూర్పు గట్టు మీద ఆ తోడు చేరని ఇల్లు లేదు. గంగాధరం క్రేట్లు వెళ్లినవి వెళ్లినట్టే తిరిగి రాసాగాయి.

గంగాధరం వంతెన మీద పేర్రాజు ఆటోకు అడ్డం నిలబడ్డాడు.

“ఏం బావా, కాలవ దాటొచ్చి నా గట్టు మీద యాపారం పెట్టావంట?”

“నేనా? నా ఆటో ఎప్పుడన్నా ఈ వంతెన దిగిందా బావా?”

“ఆటో దిగలేదు. గిన్ని దిగింది. మీ ఆవిడ గిన్ని.”

పేర్రాజుకు నవ్వు వచ్చింది. “ఓరి నీ ఇల్లు బంగారం గానూ! వదినా మరదళ్లు, అక్కాచెల్లెళ్లు తోడిచ్చుకోటం కూడా యాపారమేంటి బావా?”

“నవ్వు, నవ్వు. పదిహేడో నిబంధన చదువుకుని మరీ నవ్వు. కంపినీకి రాసేశాను.”

పేర్రాజు ఇంటికి వచ్చి ఒప్పందం తీసి చదివాడు. ఒకసారి చదివితే అర్థం కాలేదు. రెండోసారి అర్థమయింది. ఆ పూట అన్నం సయించలేదు.

చక్రపాణిగారు స్వయంగా విచ్చేశారు. కొట్టు ముందు కుర్చీ వేస్తే, కూర్చునే ముందు చేతిరుమాలుతో దానిని దులిపి, “శ్రీ పేర్రాజుగారూ! తమ గృహమునుండి బయలుదేరిన ఉత్పన్న పదార్థము భూభాగాతిక్రమణకు పాల్పడినట్లు ప్రథమదృష్ట్యా స్పష్టమగుచున్నది. తమ హక్కును రద్దు పరచుటకు కంపెనీ చింతిస్తూ ఉద్యుక్తమగుచున్నది” అన్నారు.

“అయ్యా, చెంచాడు తోడండి!”

“పరిమాణము అప్రస్తుతము.”

“మరి తమరింట్లో ఎప్పుడూ తోడు అడగరాండి?”

చక్రపాణిగారు సాలోచనగా, “మా ఇంట అట్టి అనధికార సరఫరా లేదు” అన్నారు. ఒప్పందం ప్రకారం తగవు వస్తే ఆర్బిట్రేషనుకు పోవలెను గనుక, తుది మాట మధ్యవర్తి చెబుతారని కూడ సెలవిచ్చారు.

మధ్యవర్తిగా పరాంకుశంగారు కుదిరారు. ఆయన జిల్లా న్యాయాధికారిగా విశ్రాంతి తీసుకున్న పెద్దమనిషి. నిత్యానుష్ఠానపరుడు. లంచమనే మాటను నిఘంటువులో తప్ప ఎరుగడు. ధర్మశాస్త్రాలు నోటికి వచ్చు. వాటికి మించి తర్కం మీద ప్రీతి. ఏ సూత్రాన్నయినా పట్టుకున్నాడంటే అది ఎక్కడికి తీసుకుపోతే అక్కడికి పోవలసినదే గాని నడుమ వదలిపెట్టడం అధర్మమని ఆయన నమ్మకం. ఆ సూత్రం గోతిలోకి దిగితే తానూ దిగేవాడు. దిగి, గోతి లోతు ఎంతో నమోదు చేసేవాడు.

కాలువ గట్టున ఉన్న కళ్యాణ మండపం అద్దెకు తీసుకొని విచారణ ఆరంభించారు. పెళ్లికొడుకు కూర్చునే ఎర్రని సింహాసనం మీద పరాంకుశంగారు ఆసీనులయ్యారు.

“తోడు అనగా ఏమి?” అని మొదటి ప్రశ్న.

“పాలల్లో ఏసే పెరుగండి” అన్నాడు పేర్రాజు.

“కావున పెరుగే.”

“పెరుగేనండి. కానీ తోడండి.”

“పెరుగు కానిచో పాలు తోడుకోవు. పెరుగైనచో అది సరుకు. సరుకైనచో అది చేతులు మారుట సరఫరా. ఇందులో ఏ మెట్టు మీద తమకు అభ్యంతరము?”

పేర్రాజు మెట్లన్నీ చూసుకున్నాడు. ఏ మెట్టూ తప్పుగా లేదు. మెట్లన్నీ దిగాక తాను నిలబడ్డ చోటు మాత్రం బాగాలేదు.

“అభ్యంతరం లేదండి. భయంగా ఉందండి.”

“భయము వాదము కాదు” అని పరాంకుశంగారు మొదటి ఉత్తర్వు చెప్పి వ్రాయించారు. తోడు సరుకే, దానివలన పుట్టిన పెరుగు దాని సంతానమే, ఆ సంతానపు సంతానమూ దానిదే, అట్టి పెరుగును పుచ్చుకున్న ప్రతి ఒక్కరూ వివాద వస్తువువలన ప్రయోజనం పొందినవారు గనుక ఈ వ్యాజ్యంలో కక్షిదారులే.

తదనుసారంగా ఉభయ తీరాలలోని గృహిణులందరికీ తాఖీదులు వెళ్లాయి. ఫలానా రోజు ఉదయం కళ్యాణ మండపానికి తప్పక హాజరు కావలెను అని వాటి సారాంశం. కళ్యాణ మండపానికి రమ్మని ఇంటికి కాగితం వస్తే వేలంగిపేటలో దానికి ఒకటే అర్థం. ఆ ఉదయం మండపం పట్టుచీరలతో నిండిపోయింది. ఒకరి చేతిలో స్టీలు బిందె, మరొకరి చేతిలో గోడగడియారం.

“పెళ్లికూతురేదండీ?” అని ఒక ఇల్లాలు పరాంకుశంగారినే అడిగింది.

“అమ్మా, ఇది వివాహము కాదు. వివాదము.”

“అదేలెండి. కట్నాల దగ్గర వచ్చిందా?”

“పెరుగు దగ్గర వచ్చింది.”

ఆమె పక్కావిడతో, “పెరుగు దగ్గరంట వదినా. భోజనాల్లో మర్యాద జరగలేదు గావాల” అన్నది. అందరూ మగపెళ్లివారిదే తప్పని ఏకగ్రీవంగా తేల్చి, వక్కపలుకులు లేవా అని అడిగి వెళ్లిపోయారు. హాజరు మాత్రం పూర్తిగా నమోదయింది.

అప్పుడు చక్రపాణిగారు లేచారు. “మహాశయా! వివాదాస్పద వస్తువు ప్రతి మధ్యాహ్నము భుజింపబడి నశించుచున్నది. ప్రతి సాయంత్రము తోడువేయబడి పునర్జన్మ నెత్తుచున్నది. ఇట్లే సాగినచో తీర్పు వెలువడునాటికి ఏ పెరుగు మీద తీర్పు చెప్పుచున్నామో మనకే తెలియకపోవచ్చును. కావున యథాతథ స్థితిని కోరుచున్నాను.”

పరాంకుశంగారు ఆ వాదనలోని సొగసుకు తల ఊచి, రెండవ ఉత్తర్వు ఇచ్చారు: ‘తుది తీర్పు వెలువడు పర్యంతము ఉభయ తీరములందు పాలు పాలుగానే యుండవలెను.’ కంపెనీ ప్యాకెట్లు సైతం వివాద వస్తువే గనుక వాటి రాకా ఆగిపోయింది. తాను గెలిచిన ఉత్తర్వు వలన తన కంపెనీ పెరుగే నిలిచిపోయిందని చక్రపాణిగారికి ఆనాటి సాయంత్రం తెలిసింది. అయినా విజయం విజయమే గనుక కంపెనీకి ఆ మేరకు శుభవార్త పంపుకున్నారు.

పేర్రాజు ఆటో ఇంటి ముందు నిలిచిపోయింది. దాని మీద కాకులు కూర్చోసాగాయి.

ఉత్తర్వు అమలు చూచుటకు సదాశివం అనే గుమాస్తాను కమిషనరుగా నియమించారు. ఆయన ఇల్లిల్లూ తిరిగి, పాలగిన్నె మూత తీసి, చిటికెనవేలు ముంచి, గోరువెచ్చగా ఉన్నదా లేదా అని పరీక్షించేవాడు. గోరువెచ్చగా ఉంటే తోడువేసే ఉద్దేశమున్నట్టు. అట్టి పాలు సలసల కాగేవరకు ఆయన పొయ్యి దగ్గరే నిలబడేవాడు. వేలు కాలిన రోజున ఆ ఇంటివారే వెన్న రాసేవారు. అది కూడ వివాద వస్తువే గనుక ఆయన కళ్లు మూసుకొని రాయించుకునేవాడు.

ఒకనాడు పడమటి గట్టున సూర్యకాంతం అనే ముసలావిడ ఇంట్లో గిన్నె నిండా పెరుగు పట్టుబడింది.

“ఏమ్మా, నిన్న నేను చూసినప్పుడు ఇవి పాలు కదా?”

“నిన్న పాలే బాబూ. ఇయ్యాల పెరుగు.”

“తోడు ఎవరేశారు?”

“ఎవరెయ్యాలి? ఎండలు చూత్తన్నావు కదా. దాని పాపాన అదే పోయింది.”

ఈ వృత్తాంతం పీఠం ముందుకు వచ్చింది. పరాంకుశంగారు ఒక రోజంతా ఆలోచించి, తోడులేక తనంతట తానే ఆవిర్భవించిన పెరుగుకు పూర్వులు లేరు గనుక అది స్వయంభువనీ, స్వయంభువుకు ఏ ఒప్పందమూ వర్తించదనీ తేల్చారు. మర్నాటికి ఉభయ తీరాలలోని గిన్నెలన్నిటిలో స్వయంభువులు వెలిశాయి. కొందరు భక్తితో గిన్నెకు బొట్టు కూడ పెట్టారు. అందుమీదట, ఆవిర్భావాన్ని కమిషనరు కన్నులారా చూచినచో తప్ప స్వయంభువుగా గుర్తింపు లేదని సవరణ వచ్చింది. సదాశివం రెండు పూటలు ఒక గిన్నె ఎదుట పీట వేసుకొని కూర్చున్నాడు. పాలు విరిగిపోయాయి గాని ఆవిర్భావం కాలేదు.

పథ్యం తినే రోగుల కోసం గట్టుకొక ఇంట తోడు నిలుపుకోనిచ్చి, దాని బదిలీకి ప్రత్యేక అనుమతి ఏర్పాటు చేశారు. అయితే సంతకం పడేసరికి పొద్దు గూకేది. ఒక ఇల్లాలి గుమ్మంలో సదాశివం అనుమతి పట్టుకొని నిలబడితే, ఆమె దీపం కుందిలో వత్తి ఎగదోస్తూ, “దీపాలెట్టాక పెరుగు బయటికిచ్చేదేంటండీ? లచ్చిందేవి పోదూ!” అన్నది.

“అమ్మా, ఇది పీఠంవారి అనుమతి.”

“పీఠంవారింట్లో దీపాలెట్టరేటి?”

“మరి రేపు పొద్దున ఇస్తారా?”

“రేపు పొద్దున్నయితే బంగారంలా పట్టికెళ్లండి.”

అనుమతి ఆ రోజుతోనే చెల్లిపోతుందని వ్రాసి ఉన్నది. మర్నాడు మరల అనుమతి పుట్టేసరికి మరల దీపాలు పెట్టేవారు. రోగికి పథ్యం మారే వరకు ఇద్దరూ మాట తప్పలేదు.

వేణుగోపాలస్వామి ఆలయ అర్చకులు వచ్చి, అభిషేకానికి పంచామృతాలలో ఒకటి కొరవడినదని మొరపెట్టుకున్నారు. పరాంకుశంగారు లేచి నిలబడి, దైవకార్యానికి తాము అడ్డు కాబోమని చెప్పి, “లేని ఉపచారములన్నిటికి అక్షతలే కదా శాస్త్రము! దధి స్థానే అక్షతాన్ సమర్పయామి” అని ఉత్తర్వు చేశారు. స్వామికి అభ్యంతరమున్నట్టు ఏ దాఖలా లేదు గనుక ఆ ఉత్తర్వు స్థిరపడింది.

ఇంతలో మండపం గోడ మీద పెరుగు వంశవృక్షం లేచింది. ఎవరి తోడు ఎవరికి వెళ్లిందో వాంగ్మూలాలు తీసుకొని గీతలు గీశారు. ఒక కోడలు వచ్చి, ఆ రోజు తోడు చాలకపోతే అవతలి గట్టుది సగం, ఇవతలి గట్టుది సగం కలిపి వేశానని ఒప్పుకున్నది. పరాంకుశంగారు విచారణ వాయిదా వేసి గ్రంథాలు తిరగవేసి వచ్చి, “దత్తత ధర్మమందు ద్వ్యాముష్యాయణుడని ఒకడు గలడు. కన్నతండ్రికి, పెంచినతండ్రికి ఉభయులకు పుత్రుడగును. ఈ పెరుగు అట్టిది” అన్నారు.

“అంటే ఇద్దరికీ పిండం పెట్టాలాండి?” అని గంగాధరం అడిగాడు. అతని ప్రశ్న నమోదు కాలేదు.

ఎన్ని కొమ్మలు ఎటు పోయినా, తూర్పు గట్టు గీతలన్నీ చివరకు ఒక్క చెంచా దగ్గరకు వచ్చి ఆగాయి. ఆ చెంచా అచ్చియ్యమ్మది. ఇక చెప్పవలసినది తీర్పు ఒక్కటే. పరాంకుశంగారు తేదీ ప్రకటించారు. ఆ రోజు మధ్యాహ్న భోజనం తరువాత పేర్రాజు హక్కు రద్దవుతుందని సింహాసనం పక్కనున్న పూలకుండీలకు కూడ తెలుసు.

విచారణ రోజులలో పీఠానికి భోజనం పెట్టడం కక్షిదారుల వంతు. తీర్పు రోజున ఆ వంతు పేర్రాజుది. “నీకు ఇష్టం లేకపోతే హోటలు నుంచి తెప్పిద్దాంలే బావా” అని గంగాధరం కూడ మెత్తబడి అన్నాడు. ఈ కొన్నాళ్లలో అతనూ మజ్జిగ లేక ఎండిపోయాడు.

“వంతు వంతే బావా. అన్నం దగ్గర తగువేంటి?” అన్నాడు పేర్రాజు.

అచ్చియ్యమ్మ తెల్లవారుజామున లేచి వంట చేసింది. పేర్రాజు ఆటోను ఒకసారి తుడిచి వచ్చాడు. ఎందుకు తుడిచాడో అతనికే తెలియదు. మధ్యాహ్నం వారింటి వసారాలో విస్తళ్లు వేశారు. పరాంకుశంగారు, చక్రపాణిగారు, గంగాధరం, సదాశివం వరుసగా కూర్చున్నారు. పరాంకుశంగారు బాగా చిక్కిపోయారు. అరవై ఏళ్లుగా పెరుగన్నంతో ముగియని భోజనం ఎరుగని మనిషి. ఉత్తర్వు తనదే గనుక మొదట తానే పాటించారు. భోజనం ముగిసినట్టు అనిపించక, చేయి కడుక్కోవాలని తోచక, ఎండిన చేత్తో కూర్చుండిపోయేవారని సదాశివం చెప్పేవాడు.

ముద్దపప్పు, ఆవకాయ, గుమ్మడికాయ పులుసు, వంకాయ కూర, చారు అన్నీ అయ్యాయి. అచ్చియ్యమ్మ మారు అన్నం వడ్డించింది. పరాంకుశంగారు ఏదో ఆలోచిస్తూ, చిరకాలపు అలవాటున, అన్నాన్ని దగ్గరకు తీసి మధ్యలో వేలితో గుంట చేశారు. చేసి, చేయి విస్తరి అంచున ఆనించి ఎదురుచూశారు. కొంతసేపటికి ఎందుకు ఎదురుచూస్తున్నారో గుర్తుకు వచ్చింది. ఆ గుంటను చూస్తూ తలవంచుకున్నారు.

అచ్చియ్యమ్మ గబగబ లోపలికి వెళ్లింది. ఉప్పుజాడీ వెనుకనుండి ఒక గిన్నె తెచ్చి, గరిటెతో గడ్డపెరుగు తీసి ఆ గుంటలో వేసింది.

పేర్రాజు ఒక్క అంగలో ఆమె దగ్గరకు వచ్చాడు. “ఓసి నీ దుంప తెగ! ఏం పని చేశావే! ఈ పెరుగెక్కడిది?”

“రోజూ తోడేత్తానే ఉన్నాను. తోడు చచ్చిపోతే ఇంటికి మంచిదేంటి?”

“నాకు చెప్పలేదే?”

“మీకు చెప్తే ఆ సదాశివంగారికి చెప్పేత్తారని.” ఆమె కొంగుతో మొహం తుడుచుకున్నది. “అంత పెద్దాయన అన్నంలో గుంట చేసుకుని కూకున్నాడండీ. చూత్తా ఎలా ఊరుకోను?”

అప్పటికే పరాంకుశంగారు మొదటి ముద్ద నోట పెట్టుకున్నారు. కళ్లు మూసుకున్నారు. చక్రపాణిగారు ఎంగిలిచేత్తోనే లేచారు.

“మహాశయా! ఉత్తర్వు ఉల్లంఘన! ప్రత్యక్షముగా! పీఠము సమక్షమందు! కాదు, పీఠము విస్తరియందు!”

పరాంకుశంగారు ఎడమచేయి ఎత్తి ఆగమన్నారు. విస్తట్లో ఉన్నది పూర్తిగా తిన్నారు. తరువాత అచ్చియ్యమ్మ వైపు చూచి, “అమ్మా, ఇది స్వయంభువా?” అని అడిగారు.

అవునంటే ఆ క్షణానికి గండం గడిచేది. ఆ మాట ఆమె నోటిదాకా వచ్చింది కూడ. కాని అన్నం తింటున్న మనిషితో ఆమెకు అబద్ధమాడడం చేతకాలేదు.

“కాదండి. తోడేసిందేనండి. మా చెల్లికి తీసి పంపిన తోడు తాలూకుదేనండి.”

పరాంకుశంగారు ఖాళీ విస్తరి వంక చూచారు. ఆయన తర్కం మెట్టు మెట్టుగా దిగడం పేర్రాజుకు కనబడుతూనే ఉన్నది. చివరి మెట్టు దిగి ఆయన గొంతు సవరించుకున్నారు.

“సదాశివం, వ్రాసుకో. వివాదాస్పదమైన పెరుగును పుచ్చుకున్న ప్రతి ఒక్కరూ ఈ వ్యాజ్యమందు కక్షిదారులేనని ఈ పీఠము లోగడ నిర్ణయించియున్నది. నేటి మధ్యాహ్నము ఈ పీఠము సదరు పెరుగును పుచ్చుకున్నది. కావున ఈ పీఠము కక్షిదారుడు. కక్షిదారుడు తన వ్యాజ్యమునకు తానే తీర్పు చెప్పరాదు. కావున నేను వైదొలగుచున్నాను. నాతోబాటు నా తాత్కాలిక ఉత్తర్వులును.”

సదాశివం ఎడమచేత్తో వ్రాసుకున్నాడు. పరాంకుశంగారి ముఖంలో ఏదో బరువు దించుకున్న వెలుగు కనిపించింది. ఆయన విస్తరి కొంచెం ముందుకు జరిపారు.

“ఎలాగూ కక్షిదారుణ్ణయ్యాను. ఇంకో గరిటె వెయ్యమ్మా.”

అచ్చియ్యమ్మ వేసింది. గిన్నె పట్టుకొని వరుసలో ముందుకు వచ్చింది. గంగాధరం రెండు చేతులా విస్తరి పట్టుకొని, “నేను మొదట్నించీ కక్షిదారుణ్ణే కదమ్మా చెల్లెమ్మా, నాకు రెండు గరిటెలు పడాలి” అన్నాడు. సదాశివం కాలిన వేలు చూపించి పరిహారంగా పెద్ద గడ్డ అడిగాడు. అందరి వంతూ అయ్యాక ఆమె చక్రపాణిగారి ఎదుట నిలబడింది. ఆయన నిలబడే ఉన్నారు. విస్తట్లో అన్నం ఉన్నది. ఆ అన్నంలో, ఎప్పుడు చేశారో గాని, చిన్న గుంట ఉన్నది.

“నేను వ్యక్తిగతముగా పుచ్చుకొనజాలను” అన్నారాయన మెల్లగా కూర్చుంటూ. “కంపెనీ తరఫున ఒక గరిటె.”

కంపెనీ మూడు గరిటెలు పుచ్చుకున్నది.

ఆ సాయంత్రమే ఉభయ తీరాలలోను పాలు తోడుకున్నాయి. పేర్రాజు హక్కు మాత్రం తీర్పు లేనిదే రద్దు కారాదు. మధ్యవర్తి లేనిదే తీర్పు రారాదు. కొత్త మధ్యవర్తికి వివాద వస్తువుతో ఎట్టి సంబంధమూ ఉండరాదు గనుక, ‘పెరుగు, మజ్జిగ, తత్సంబంధ పదార్థములను పుట్టినది మొదలు ముట్టనివారు’ కావలెనని కంపెనీవారు పత్రికలలో ప్రకటించారు. తెలుగుదేశం నాలుగు చెరగుల నుండి ఒక్కరే ముందుకు వచ్చారు. పెరుగు పడని మనిషి, పాపం, చిన్ననాటినుండి వాసన కూడ గిట్టదు. ప్రశ్నించగా, ఉపనయనంనాడు పంచామృత తీర్థం పుచ్చుకున్నట్టు అంగీకరించారు. చక్రపాణిగారు విచారం వెలిబుచ్చి ఆయనను నిరాకరించారు.

వ్యాజ్యం నేటికీ సజీవమే. ఏటేటా వాయిదా తేదీన పేర్రాజు, గంగాధరం ఒకే ఆటోలో కళ్యాణ మండపానికి వెళ్లి, ఖాళీ సింహాసనానికి నమస్కరించి, కాసేపు కూర్చొని వస్తారు. మర్నాడు తెల్లవారకముందే పడమటి గట్టున ఆటో చప్పుడవుతుంది. ఎవరైనా కిటికీ తీసి “ఎవరదీ?” అంటే, “పెరుగు పేర్రాజునండి, ఆయ్!” అని బదులు వస్తుంది.

ఈ కథను చదివినవారికి, చదివి వినిపించినవారికి, నడుమ కునుకు తీసి చివర విన్నవారికి సైతం ఇంట పాడి తరగకుండు గాక. పాలు పొంగు గాక, విరగకుండు గాక. సంతకం పెట్టే ముందు చదివే ఓపిక, చదివినది అర్థమయ్యే భాగ్యం కలుగు గాక. తగవు తప్పనివారికి ఆకలి తెలిసిన న్యాయమూర్తి దొరకు గాక. పొరుగింటి గుమ్మం గిన్నెను ఏనాడూ ఖాళీగా పంపకుండు గాక.

స్వస్తి. సమస్త సన్మంగళాని భవంతు.